కళ్ళు మూసుకొని చూడమన్న మేడం

ముందే చెప్తున్నాను, నాకు రాయడం రాదు. బడికి పోయింది ఐదో తరగతి దాకే, అది కూడా పూర్తి చేయలేదు. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో ఇప్పటికీ నాకు అనుమానమే. మా బిడ్డ పక్కన కూర్చొని కొన్ని దిద్దింది, కొన్నింటిని "ఉండనియ్యే అమ్మా, నువ్వు మాట్లాడినట్టే ఉన్నది" అని నవ్వి వదిలేసింది. బాగా చదువుకున్నవాళ్ళు ఇది చూస్తే ఏమనుకుంటారో అని భయంగానే ఉంది. ఊరుకుందామనే అనుకున్నాను కానీ, ఈ రోజు పొద్దున ఒక తాటి ముంజ నన్ను ఊరుకోనివ్వలేదు.

ఇంటికి గంపెడు తాటికాయలు వచ్చాయి. వాకిట్లో పీట వేసుకొని కూర్చొని, కొట్టిన కాయలోకి బొటనవేలు పెట్టి ఒక్కొక్క ముంజనే పైకి తీస్తున్నాను. చల్లగా, జారుడుగా, లోపల నీళ్ళు కదులుతూ ఉన్నాయి. ఆ చల్లదనం వేలికి తగిలిందో లేదో, నేను వాకిట్లో లేను. జనగామ కంటి దవాఖానలో, కిటికీకి నల్ల పరదా కట్టిన చిన్న గదిలో ఉన్నాను. వేలి మీద స్కానింగ్ జెల్ వేసుకొని, మంచం పక్కన నిలబడి, అనసూయ మేడం "సిద్ధమా సోమక్కా?" అని అడగడం కోసం ఎదురుచూస్తున్నాను. ముంజ ముట్టుకుంటే ఆ జెల్ ముట్టుకున్నట్టే ఉంటుంది. ఈ మాట మొదట అన్నది నేను కాదు, మేడమే. నేను టిఫిన్ డబ్బాలో తెచ్చిన ముంజలు మొదటిసారి తిన్న రోజు, ఒకటి వేళ్ళ మధ్య పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "సోమక్కా, దీనికి కూడా స్కాన్ తీద్దామా? లోపల అంతా నల్లగా, శుభ్రంగా వస్తుంది చూడు" అన్నది. అంత ముచ్చటపడుతూ చెప్పేసరికి నేను నిజంగానే తీస్తుందేమో అనుకున్నాను.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. అందుకే ఆమె ఎట్లా ఉండేదో చెప్తాను. పొట్టి మనిషి. మంచం ఎత్తుకు అందాలని కాళ్ళ కింద ఒక చెక్కపీట వేసుకునేది. చీర కొంగు నడుముకు చెక్కుకొని, దాని మీద తెల్లకోటు తొడిగేది. కృష్ణా జిల్లా వైపు మనిషి. చల్లబడ్డ టీ ఇస్తే కూడా వేడిగా ఉన్నట్టే ఊది ఊది తాగేది. ఎవరి మీదా గొంతు పెంచడం నేను వినలేదు. కంటికి తీసే స్కాన్ డాక్టరు ఆమె.

నేను అక్కడ ఆయాగా చేరాను. మాది పాలకుర్తి అవతల ఒక ఊరు. మా ఆయన ఎల్లయ్య కల్లు గీస్తాడు, తాళ్ళెక్కడమే, అంటే తాటిచెట్లు ఎక్కడమే ఆయన పని. బిడ్డ చదువు కోసం నేను కూడా ఏదో ఒక పని చూసుకున్నాను. పేషంట్లను పిలవడం, పడుకోబెట్టడం, తల కదలకుండా పట్టుకోవడం, స్కాన్ అయ్యాక దూదితో కంటి మీది జెల్ తుడవడం, ఇవి నా పనులు. ఆ మిషన్ కడుపుతో ఉన్నవాళ్ళకు స్కాన్ తీసే మిషన్ లాంటిదే, కాకపోతే చిన్నది. బొటనవేలంత కడ్డీని మూసిన రెప్ప మీద జెల్ వేసి ఆనిస్తారు. తెర మీద కంటి లోపలిది కనిపిస్తుంది.

చేరిన కొత్తలో నేను నోరు తెరవాలంటే సిగ్గుపడేదాన్ని. మేడం మాట పుస్తకంలో ఉన్నట్టు ఉండేది. నా మాటేమో సినిమాల్లో నవ్వించడానికి పెట్టే మాట. అందుకని నేను కూడా ఆమెలాగే మాట్లాడబోయాను. ఒక రోజు ఒక పెద్దాయనతో "పైకి చూడండి తాతగారండీ" అన్నాను. ఆయన మంచం మీద నుంచి లేచి కూర్చొని, "ఏమైంది బిడ్డ, నువ్వు బాగనే ఉన్నవు గద?" అని నన్నే అడిగాడు. బయట వరుసలో ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

అందరూ పోయాక మేడం నన్ను పిలిచింది. తిడుతుందేమో అనుకున్నాను.

"సోమక్కా, ఇంట్లో మీ అత్తగారితో ఎలా మాట్లాడతావు?"

"మామూలుగనే మాట్లాడత మేడం."

"ఆ మామూలుగానే ఇక్కడ కూడా మాట్లాడు. నా మాట వింటే వాళ్ళు బిగుసుకుపోతున్నారు. కన్ను బిగిస్తే నాకు లోపల ఏమీ కనపడదు. నీ మాట వింటే వదులు చేస్తారు. ఈ గదిలో చూడడం నా పని, మాట్లాడడం నీ పని. సరేనా?"

నా మాటకు ఒక పని ఉందని నాకు ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆమెతో మా ఊరు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

ఆ స్కాన్ ఎందుకో కూడా మేడమే నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. కంటి లోపలికి సూక్ష్మక్రిములు పోతే లోపల చీము పడుతుంది. కంటి ముందు అద్దం కూడా పాలు పోసినట్టు తెల్లబడుతుంది. అప్పుడు ఎంత పెద్ద లైటు వేసి చూసినా డాక్టరుకు వెనక ఏముందో తెలియదు. "వెలుగు పోలేని చోటికి శబ్దం పోతుంది సోమక్కా. మన చెవికి వినపడని శబ్దం. అది పోయి, లోపల దేనికి తగిలితే దాని బొమ్మ తెస్తుంది" అన్నది. బాగున్న కన్ను తెర మీద మధ్యలో నల్లగా, బావి నీళ్ళలాగా ఉంటుంది. చీము పడిన కంట్లో తెల్లటి నలకలు తేలుతుంటాయి. బర్రెలకు పెట్టే కుడితిలో తౌడు తేలినట్టు. పేషంటు కన్ను కదిలిస్తే ఆ తౌడు సుడి తిరుగుతుంది. అది ఎట్లా తిరిగింది, వెనకాల గోడకు ఉన్న చూపు పొర ఊడిందా, అతుక్కొని ఉందా, ఇవన్నీ చూడాలి. అందుకే కళ్ళు మూసుకొనే పైకి, కిందికి, అటు, ఇటు చూడమనాలి. తర్వాత కంట్లోంచి ఒక చుక్క తీసి పరీక్షకు పంపితే అది ఏ క్రిమో తెలుస్తుంది. ఏ మందు ఎక్కించాలో పెద్ద సారు చూసుకుంటారు. పెద్ద సారంటే కంటి లోపల ఆపరేషన్లు చేసే డాక్టరు.

ఇదంతా వినడానికి బాగుంది. కానీ కళ్ళు మూసుకొని చూడడం ఎట్లా? మా వాళ్ళకు ఆ మాటే వింతగా ఉండేది. పైకి చూడు అంటే తల ఎత్తేవాళ్ళు. కుడికి అంటే పక్కకు దొర్లేవాళ్ళు. ఒకాయన అయితే గట్టిగా కళ్ళు మూసుకొని నోరు తెరిచాడు.

దానికి దారి దొరికింది మహబూబాబాద్‌లో. వారంలో ఒక రోజు చిన్న మిషన్‌ను బండిలో పెట్టుకొని అక్కడికి పోయేవాళ్ళం, ఇంకో రోజు భూపాలపల్లికి. ఆ రోజు గూడూరు వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. మిరపతోటలో పని చేసి చేసి ఎండిన మనిషి, మాట మాత్రం పచ్చి మిరపకాయే. శుక్లం ఆపరేషన్ అయి, చూపు వచ్చి, ఇంటికి పోయింది. కన్ను కొంచెం మంట అనిపిస్తే చలువ చేస్తుందని చనుబాలు పిండించుకుంది. మా వైపు చాలా ఇళ్ళలో చేసే పనే అది. తర్వాత కన్ను ఎర్రగా వాచి, చూపు మసకబడింది.

నేను ఆమెను పడుకోబెట్టాను. మేడం అడిగింది, "ఎవరి పాలు పోశారవ్వా?"

"మా కోడలియి. పచ్చి బాలెంత. మంచి పాలు."

ఇప్పుడు గట్టిగా కోప్పడుతుందని నేను అనుకున్నాను. మేడం నవ్వింది. "మంచి పాలే. వాటిని మనవడికే వదిలెయ్యి. నీకు నేను వేరే చుక్కలు ఇస్తాను."

అవ్వ, "గదీ నిజమే. ఆడు నాకంటె ముందుగాల వచ్చిండు లైన్ల" అన్నది. అంతే. ఎన్ని తిట్లు తిట్టినా ఎక్కని మాట ఆమెకు ఎక్కింది.

కంటి మీద జెల్ వేయగానే అవ్వకు ఇంకో అనుమానం వచ్చింది. "గిది కడుపుల పిల్లను సూసే మిషన్ గద బిడ్డ? నా కంట్ల పిల్ల ఉన్నదా ఏంది?"

"ఉంటే ఏం చేస్తవే అవ్వ?" అన్నాను నేను.

"మొగపిల్లగాడా, ఆడపిల్లనా జర సూసి చెప్పుమను."

మేడం చటుక్కున కడ్డీ తీసేసి, "అమ్మో, అది మాత్రం చెప్పకూడదవ్వా, నా మీద కేసు పెడతారు!" అన్నది. గదిలో అవ్వ నవ్వుతున్నది, నేను నవ్వుతున్నాను, తలుపు దగ్గర ఉన్న డ్రైవర్ కూడా నవ్వుతున్నాడు.

నవ్వులు ఆగాక మేడం, "ఇప్పుడు కళ్ళు మూసుకొనే పైకి చూడవ్వా" అన్నది. అవ్వ కళ్ళు మూసుకొనే అడిగింది, "పైకంటే ఎంత పైకి బిడ్డ? దూలం దాకనా, మబ్బు దాకనా?"

మేడం మొహం వెలిగిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "దూలం దాకా చాలు. మీ ఇంటి దూలం చూడవ్వా. దానికి ఏం వేలాడుతోంది?"

"ఉల్లిగడ్డల సంచి."

"ఆ సంచినే చూస్తూ ఉండు." మూసిన రెప్ప కింద అవ్వ కన్ను చక్కగా పైకి పోయింది. తల ఇంత కూడా కదలలేదు. "మీ ఇంట్లో పొయ్యి ఏ దిక్కున ఉంది?" "ఎడమచేతి దిక్కు." "పొయ్యి మీద ఏముందో చూడు." కన్ను ఎడమకు పోయింది. "గడప చూడు." కన్ను కిందికి దిగింది. అవ్వ మంచం మీద పడుకొని ఇల్లంతా తిరిగి వచ్చింది. మేడం లోపల మూలమూలా చూసింది. పొర బాగానే ఉంది, తౌడు కూడా పలచగానే ఉంది. అదే రోజు ఆమెను జనగామ పంపించారు. కంట్లోకే మందు ఎక్కించారు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ మహబూబాబాద్ పోతే ఆ అవ్వ ఒక సంచి ఎండు మిరపకాయలు పట్టుకొని మా కోసం కూర్చొని ఉంది. "తాలుకాయ లేకుంట ఏరిన, నేనే ఏరిన" అని మూడు మాటలకొకసారి చెప్పింది.

అప్పటి నుంచి స్కాన్‌కు ముందు మా మొదటి ప్రశ్న అదే. మీ ఇంట్లో పొయ్యి ఏ దిక్కున ఉంది? మనిషి జవాబు చెప్పేసరికే సగం భయం పోయేది. భూపాలపల్లిలో మాత్రం ఒక బొగ్గుగని కార్మికుడు మాకు ఎదురు తిరిగాడు. "నాకు పొయ్యి సంగతి తెల్వదక్క, మా ఇంటామె నన్ను వంటింట్లకు రానియ్యది" అన్నాడు. "మరి నీకు బాగా తెలిసిన చోటేది తమ్మీ?" అంటే "గని" అన్నాడు. ఇక చేసేదేముంది, మేడం, నేను, అతను ముగ్గురం కలిసి గనిలోకి దిగాం. "పైన ఏం కనిపిస్తది?" "బొగ్గు." "కింద?" "బొగ్గే." "కుడిచేతి దిక్కు?" "గదీ బొగ్గే అక్క." మేడం తెర మీది నుంచి కన్ను తీయకుండా, "నీ కంట్లో కూడా బొగ్గులాగే నల్లగా ఉంది తమ్ముడూ, ఇన్ఫెక్షన్ లేదు, హాయిగా ఇంటికి పో" అన్నది. ఆ వెళ్ళే మనిషి ముఖం చూడాలి. నల్లగా ఉందంటే అంత సంతోషపడ్డ మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఇట్లా రోజులు నవ్వుతూ పోతుంటే ఒక రోజు ఆ మంచం మీద మా ఆయనే పడుకోవలసి వచ్చింది.

ఎండాకాలం మొదట్లో ఆయన తాడెక్కి ఎండిన మట్టలు కొడుతున్నాడు. తాటి మట్టకు రెండు పక్కలా రంపం పళ్ళలాగా కరుకులు ఉంటాయి. ఒక మట్ట తిరగబడి కొడితే కరుకు ముక్క కంట్లో గుచ్చుకుంది. దిగి వచ్చి, చల్లనీళ్ళతో కడుక్కొని, కండువా కట్టుకొని పడుకున్నాడట. నేను పని నుంచి వచ్చి అడిగితే "నలుసు పడ్డది, పోతది" అన్నాడు. తెల్లవారి లేచేసరికి రెప్ప తెరవలేకపోయాడు. నేను బలవంతంగా తెరిచి చూశాను. నల్లగుడ్డు మీద తెల్లటి మబ్బు కమ్మి ఉంది. అది ఏమిటో నాకు తెలుసు. ఎంతమందికి చూశాను! మొదటి బస్సుకే ఆయనను ఎక్కించాను.

జనగామలో పెద్ద సారు చూశాడు. ఆయన మా ఇద్దరినీ కూర్చోబెట్టి దాచకుండా చెప్పాడు. "గాయం చిన్నదే, మూసుకుంది. కానీ లోపలికి క్రిములు పోయినట్టున్నాయి. వెనక ఎంత పాడైందో నాకు కనపడడం లేదు. చూపు పొర నిలిచి ఉంటే లోపల కడిగి మందు వేసి కాపాడడానికి చూస్తాను. మొత్తం పాడై ఉంటే కన్ను తీసేయాల్సి రావచ్చు. స్కాన్ చూశాకే చెప్తాను." తర్వాత నా వైపు తిరిగి, "స్కాన్ అప్పుడు అతను కన్ను గట్టిగా బిగించకూడదమ్మా. బిగిస్తే ఆ గాయం మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు" అన్నాడు.

ఒక కన్ను పోతే మా ఆయన తాడెక్కలేడు. కొమ్మ లేని ఆ చెట్టు మీద, నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టే మోకు ఎక్కడ వేయాలో, కాలు ఎక్కడ పెట్టాలో, కల్లు పట్టే లొట్టి ఎంత దూరంలో ఉందో రెండు కళ్ళతోనే తెలుస్తుంది. ఆయనకు వేరే పని రాదు, వేరే పని మీద మనసు కూడా లేదు. చెట్టు మీద నుంచి పాట పాడకపోతే ఆ రోజు ఆయనకు తెల్లవారనట్టే. ఆ మనిషి నేల మీద కూర్చొని ఉండడం నేను ఊహించుకోలేకపోయాను.

గదిలోకి తీసుకుపోయాను. పెద్ద సారు కూడా మా వెనకే వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. పడుకోబెట్టాను. మంచం పట్టీని రెండు చేతులా పట్టుకొని కొయ్యలాగా బిగుసుకుపోయాడు. బాగున్న కన్ను కూడా గట్టిగా మూసి పళ్ళు కొరుకుతున్నాడు. మేడం చెక్కపీట ఎక్కి నిలబడింది. కడ్డీ మీద జెల్ కుప్పగా పోసింది, రెప్పను తాకీ తాకనట్టు చూడడానికి. "సిద్ధమా సోమక్కా?" అన్నది. నేను మాట్లాడాలి. మీ ఇంట్లో పొయ్యి ఏ దిక్కున ఉందని అడగాలి. అది నా పొయ్యే. ఎంతమందితో అన్నాను ఆ మాట, నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నోరు తెరిచాను. మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. దూది పట్టుకొని అట్లాగే నిలబడ్డాను.

మేడం నా మొహం చూసింది. నా చేతిలో ఉన్న దూదిని మెల్లగా తీసుకొని పక్కన పెట్టి, నన్ను మంచం కాళ్ళ వైపు నిలబెట్టింది. తర్వాత మా ఆయన చెవి దగ్గరికి వంగింది. అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చిన మాట విని నేను అదిరిపోయాను.

"ఓ ఎల్లన్నా, గిట్ల ఇను జర. తాడెక్కుదాం పా. నిచ్చెన తెచ్చినవా?"

కృష్ణా జిల్లా నాలుక మీద మా మాట! ప్రతి మాటకూ కాలు జారుతోంది, అయినా వస్తోంది. ఇన్నాళ్ళూ నేను మాట్లాడుతుంటే ఆమె తెర చూస్తున్నదనే అనుకున్నాను. వింటున్నదని తెలియదు.

మా ఆయన పళ్ళు కొరకడం ఆపాడు. "నిచ్చెనేంది మేడం?" అన్నాడు.

"ఏ, నిచ్చెన లేకుంట ఎట్ల ఎక్కుతవు?"

"తాడుకు ఎవడన్న నిచ్చెనేస్తడా! మోకుతోని ఎక్కాలె."

"అయితే మోకు కట్టుకో. నాకు తెల్వదు, నువ్వే చెప్పాలె."

"కట్టుకున్న" అన్నాడు. మంచం పట్టీ మీద నుంచి ఆయన చేతులు వదులయ్యాయి. నిజంగానే నడుము దగ్గర మోకు సర్దుకున్నట్టు వేళ్ళు కదిలాయి. రెప్ప మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోవడం నేను కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నాను.

"ఇగ ఎక్కు. మెల్లగ. తల కదలద్దు, కన్ను ఒక్కటే ఎక్కాలె. లొట్టి కనిపిస్తుందా?"

"కనిపిస్తున్నది."

"నిండిందా?"

"సగం నిండింది. ఈగలు వాలినయి."

"ఆ ఈగలనే చూడు." కన్ను పైకి పోయింది. తెర మీద తెల్లటి తౌడు సుడి తిరిగింది. చాలా ఉంది. మేడం మాత్రం ఆగలేదు. "ఇప్పుడు చెట్టు మొదలు చూడు. చెప్పులు ఎక్కడ విడిచినవ్?" కన్ను కిందికి దిగింది. "పడమటి దిక్కు ఏం ఉంటది?" "గుట్ట." కన్ను గుట్ట వైపు పోయింది. "తూర్పు దిక్కు?"

"మా ఇల్లు."

"ఇంటి ముందట ఏం ఉన్నది?"

"ఇంకేమున్నది. గామె ఉంటది. చేటల బియ్యం చెరుక్కుంట. నేను పాట పాడితే చెవులు మూసుకుంటది."

"ఆమెనే చూస్తూ ఉండు ఎల్లన్నా. కదలకు. చాలా బాగా చూస్తున్నావు. అలాగే చూస్తూ ఉండు." తెలియకుండానే ఆమె మాట మళ్ళీ ఆమె ఊరికి పోయింది. నేను ఆయన కాళ్ళ దగ్గరే ఉన్నాను. ఆయనేమో మూసిన కంటితో మా వాకిట్లో నన్ను చూస్తున్నాడు. అప్పుడు నాకు మాట వచ్చింది. "నీ పాట గంత మంచిగుంటే ఎందుకు మూసుకుంట?" అన్నాను. మంచం మీద ఆయన పెదవులు నవ్వాయి, కన్ను మాత్రం కదలలేదు.

మేడం కడ్డీ తీసి, తెరను పెద్ద సారు వైపు తిప్పింది. "చీము బాగా ఉంది సార్. కానీ పొర మొత్తం అతుక్కొనే ఉంది. ముక్క ఏదీ లోపల మిగల్లేదు." పెద్ద సారు చాలాసేపు చూశాడు. "అయితే కాపాడడానికి చూద్దాం" అన్నాడు. నేను మేడం తెల్లకోటు పట్టుకొని ఏడ్చాను. కోటుకు జెల్, నా కన్నీళ్ళు, అన్నీ అంటుకున్నాయి. ఆమె, "నా కోటు ఉతికేది నువ్వే కదా, కానివ్వు" అన్నది.

ఆ రోజే లోపల కడిగి మందు ఎక్కించారు. తీసిన చుక్క పరీక్షలో ఏ క్రిమో తెలిశాక మందు మార్చారు. ఆ తర్వాత స్కాన్‌కు వచ్చినప్పుడల్లా మా ఆయన మేడంతో కలిసి తాడెక్కాడు. ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి తప్పు అడిగేది, ఆయన దిద్దేవాడు. "లొట్టిని పైకి ఎట్ల తీసుకపోతవు, నెత్తిన పెట్టుకొనా?" అని ఒకసారి అడిగింది. ఆయన ఆ మాటకు ఇంటికి వచ్చి కూడా నవ్వాడు. నిజంగా తెలియక అడిగేదా, ఆయనను మాట్లాడించడానికి అడిగేదా, నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే ఆమె చెప్పలేదు. తెర మీద తౌడు ఒక్కోసారి కొంచెం తగ్గుతూ వచ్చింది. కుడితి పలచబడింది. నలకలు అక్కడొకటి ఇక్కడొకటి అయ్యాయి.

ఒక రోజు మేడం కడ్డీ ఆనించి తెరను నా వైపు తిప్పింది. నలుపు. మా బావిలో ఎండాకాలం పొద్దున పూట నీళ్ళు ఎట్లా ఉంటాయో అట్లా, కదలకుండా నిలిచిన నలుపు. నేను పెట్టిన కేకకు బయట వరుసలో ఉన్నవాళ్ళు లోపలికి వచ్చారు. వాళ్ళకు కూడా చూపించాను. ఏమిటో తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ అయితే, "ఏం పుట్టిందే బిడ్డ?" అని అడిగింది.

చూపు మొత్తం రాలేదు. ఆ కంట్లో కొంచెం మసక ఉంది, పల్చటి బట్ట అడ్డం పెట్టినట్టు ఉంటుందట. కానీ మోకు వేసే చోటు తెలుస్తుంది, లొట్టి దూరం తెలుస్తుంది. పెద్ద సారు మళ్ళీ ఎక్కవచ్చని చెప్పిన రోజు మేడం ఒక షరతు పెట్టింది. కంటికి అడ్డంగా ఉండే ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకోకుండా చెట్టు ముట్టుకోకూడదు. ఆమే కొని తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆ అద్దాలు పెట్టుకొని, మోకు భుజాన వేసుకొని ఆయన ఊళ్ళో నడుస్తుంటే తోటి గీత కార్మికులు ఊరుకుంటారా? "ఏం ఎల్లన్నా, షూటింగుకు పోతున్నవా?" "హీరోయిన్ ఏదే?" అని ఏడిపించారు. ఆయన కూడా తక్కువ తినలేదు. "మీ కండ్ల మట్ట తాకినప్పుడు రాండ్రి, మా మేడం మిమ్ముల నిచ్చెనేసి ఎక్కిస్తది" అన్నాడు. ఆ వానాకాలం దాటేసరికి, ఏడిపించినవాళ్ళలో చాలామంది కళ్ళకు అవే అద్దాలు.

మేడం రిటైరై వాళ్ళ ఊరికి పోయింది. పోయే రోజు ఆ చెక్కపీటను నాకిచ్చింది. ఇప్పుడు గదిలో కొత్త డాక్టరమ్మ ఉంది. పొడుగు మనిషి, ఆమెకు పీట అక్కర్లేదు. మొదటి రోజు నేను పేషంటును "మీ ఇంట్ల పొయ్యి ఏ దిక్కున్నదే?" అని అడిగితే ఆమె నా వైపు వింతగా చూసింది. ఆ పేషంటు తల కదలకుండా కన్ను పొయ్యి వైపు తిప్పాక, "ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారక్కా?" అని అడిగింది. చెప్పడం మొదలుపెడితే టీ టైం అయిపోయింది, కథ అయిపోలేదు. "రాసి పెట్టండి, మిగతాది చదువుకుంటాను" అన్నది. చాలా రోజులు తప్పించుకు తిరిగాను. నా చేతికి అలవాటైంది దూదీ జెల్లూ, పెన్ను కాదు.

మేడం నుంచి నా దగ్గర మిగిలింది ఏమిటంటే, ఆ పీట ఉంది. దాని మీద కూర్చొనే ఈ రోజు ముంజలు తీశాను. ఇంకొకటి నా మాట. ఎవరి ముందైనా నా మాటే మాట్లాడుతున్నాను, సిగ్గుపడడం మానేశాను. భయంతో బిగుసుకున్న మనిషి ఎవరు కనిపించినా, కంటి పేషంటు కాకపోయినా సరే, వాళ్ళ ఇంటి సంగతి అడుగుతాను. బస్సులో, బ్యాంకులో, మా బిడ్డ పరీక్షకు పోయే రోజున కూడా అడిగాను. అది నన్ను చూసి నవ్వింది, నవ్వాక భయం తగ్గిందని ఒప్పుకుంది.

పొద్దున ముంజలు తీస్తుండగానే మేడం ఫోన్ చేసింది. "ఏం సోమక్కా, ముంజలు దిగినయా లేదా?" అని మా మాటలోనే అడిగింది. ఇప్పుడు ఆమెకు కాలు జారడం లేదు. వాళ్ళ ఊళ్ళో చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వుతారట, ఆమె లెక్కచేయదట. దిగినయి మేడం, బస్సుకు వేస్తున్న అని చెప్తుండగానే బాయికాడి తాడు మీద నుంచి పాట వినిపించింది. "ఆగు, ఆగు, వినపడుతోంది" అని ఆమె ఫోన్లో ఊరుకుంది. నేను ఫోన్‌ను ఆ పాట వైపు పట్టుకొని నిలబడ్డాను. చెవులు మూసుకోలేదు. పైన అద్దాలు ఎండకు తళుక్కుమన్నాయి.

ఇంతే నాకు తెలిసింది. మా బిడ్డ దిద్దినా ఇందులో తప్పులు మిగిలే ఉంటాయి. అవి మీకు ఎదురైన చోట కోప్పడకండి. అక్కడ కాసేపు కళ్ళు మూసుకొని, మీ ఇంట్లో పొయ్యి ఏ దిక్కున ఉందో చూడండి. తర్వాత తెరిచి ముందుకు చదువుకోండి.